వ్యోమగామి కళ్ల ముందే రిపేరు సూచనలు: హెడ్‌సెట్ గైడ్‌ను ఎలా తయారు చేయాలి

వ్యోమగాములకు కళ్లద్దాల మీదే రిపేరు సూచనలు కనిపించే సిస్టమ్ చేద్దామనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు చాలామంది ముందు హెడ్‌సెట్ కొంటారు. బడ్జెట్‌లో సగం అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత అందులో ఏం చూపించాలా అని వెతుకుతారు. ఈ గైడ్ దానికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్తుంది. ముందు పని, తర్వాత ఆ పనికి కావలసిన మాటలు, ఆ మాటలు కనిపించాల్సిన చోటు, అన్నిటికంటే చివర హెడ్‌సెట్. మీ కాలేజీ వర్క్‌షాపులో ఒక చెక్క బోర్డు, కొన్ని బోల్టులు, ఒక ఫోన్‌తో ఇందులో ముప్పాతిక వంతు చేసేయవచ్చు.

అసలు దీని అవసరం ఏమిటో ముందు చూద్దాం. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్)లో పరిశోధనలతో పాటు రిపేర్లూ ఉంటాయి. ఫిల్టర్లు మార్చాలి, నీటి శుద్ధి యంత్రం చూసుకోవాలి, ట్రెడ్‌మిల్ తనిఖీ చేయాలి, టాయిలెట్ బాగుచేయాలి. ప్రతి పనికీ రాసిపెట్టిన ప్రొసీజర్ ఉంటుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లోనో ఐప్యాడ్‌లోనో తెరిచి, పక్కన ఎక్కడో వెల్క్రోతో అంటించుకుని, ఒక్కో స్టెప్ చదువుతూ చేస్తారు. చేతులకు పిండి అంటుకుని ఉండగా ఫోన్‌లో వంట చూసుకోవడం ఎంత ఇబ్బందో మీకు తెలుసు. అక్కడ దానికి తోడు వదిలిన ప్రతి వస్తువూ తేలిపోతుంది. కాళ్లు పట్టీల్లో ఇరికించుకుని, రెండు చేతులూ ప్యానెల్ లోపల పెట్టిన మనిషి, స్క్రీన్ కోసం తల తిప్పి, మళ్లీ ఇటు తిరిగేసరికి తను చూస్తున్న బోల్టు ఏదో వెతుక్కోవాలి. మనం తగ్గించాల్సింది ఆ తల తిప్పడాన్నే.

1. ఒకే ఒక్క పనిని ఎంచుకోండి

అన్ని పనులకూ హెడ్‌సెట్ అక్కర్లేదు. ఒక స్విచ్ నొక్కడానికి పెట్టుకుంటే సమయం వృథా. మంచి పనికి మూడు గుర్తులు ఉంటాయి. రెండు చేతులూ కావాలి. స్టెప్పులు చాలా ఉండాలి, వాటి వరుస తప్పకూడదు. ఇక మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: అది అరుదుగా చేసే పని అయి ఉండాలి. వ్యోమగామి నేల మీద శిక్షణ తీసుకున్నదానికీ, పైన ఆ పని చేయాల్సి వచ్చేదానికీ మధ్య నెలలు గడిచిపోతాయి. కొన్ని పనులకైతే ముందుగా శిక్షణే ఉండదు, కాగితమే గురువు.

ఐఎస్ఎస్‌లో ఉన్న రెండో ట్రెడ్‌మిల్‌ను టీ2 అంటారు. దాని తనిఖీకి ఆగ్‌మెంటెడ్ రియాలిటీ (ఎదురుగా ఉన్న అసలు వస్తువు మీదే బొమ్మలు, మాటలు కనిపించే పద్ధతి) సూచనలు తయారుచేసి, 2021లో జపాన్ వ్యోమగామి సోయిచీ నోగుచీ చేత పరీక్ష చేయించారు. మైక్రోసాఫ్ట్ హెడ్‌సెట్ హోలోలెన్స్ పెట్టుకుంటే ట్రెడ్‌మిల్ మీదే, ఎక్కడ చూడాలో అక్కడే, త్రీడీ గుర్తులు కనిపించాయి. పని ఎంపిక ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. యంత్రం ఒక చోట కదలకుండా ఉంటుంది, భాగాలకు స్థిరమైన చోట్లు ఉంటాయి, తనిఖీ మళ్లీ మళ్లీ వస్తుంది, కానీ రోజూ రాదు.

మీరు ఎయిర్ ఫిల్టర్ మార్చే పని తీసుకోండి. అడ్డం 60, నిలువు 90 సెంటీమీటర్ల ప్లైవుడ్ బోర్డు నిలబెట్టి, దానికి ఒక లోహపు పెట్టె బిగించండి. పెట్టెకు ఆరు బోల్టుల మూత (కార్డుల్లో దీన్నే ప్యానెల్ అంటాం), లోపల ఫిల్టర్, దాని వెనక నిజంగా తిరిగే ఫ్యాన్, పక్కన ఒక గుండ్రటి ఎలక్ట్రికల్ కనెక్టర్ ఉండాలి. ఫ్యాన్ నిజంగా తిరగాలని ఎందుకంటున్నానో గొంతు కమాండ్ల దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

2. తల తిప్పడాలు లెక్కపెట్టండి

ఆ పనిని ముందు మామూలు కాగితంతో చేయించండి. ఆ పెట్టెను ఎప్పుడూ చూడని స్నేహితుణ్ని పిలిచి, కాగితం ఒక మీటరు దూరంలో పక్కకి అంటించి, పని మొత్తం వీడియో తీయండి. తర్వాత కూర్చుని, అతను తల తిప్పిన ప్రతిసారీ ఒక గీత పెట్టండి. గీత పక్కనే ఎందుకు తిప్పాడో రాయండి. కారణాలు మూడే ఉంటాయి: "ఎక్కడ?", "ఎంత?", "అయ్యిందా?". ఏ బోల్టు అన్నది మొదటి రకం. ఎంత బిగించాలి అన్నది రెండో రకం. లైటు ఆరాలా, వెలగాలా అన్నది మూడోది.

ఈ మూడింటికీ వేరు వేరు జవాబులు కావాలి. "ఎక్కడ"కు బాణం గుర్తు బాగా పనిచేస్తుంది. "ఎంత"కు అంకె చాలు, బాణం దండగ. "అయ్యిందా" అన్నదానికి ఒక ఫొటో ఉంటే సరిపోతుంది, సరిగ్గా పెట్టిన ఫిల్టర్ ఎలా ఉంటుందో. ఈ లెక్క చేయకుండా మొదలుపెట్టిన టీమ్ అన్ని చోట్లా బాణాలే పెడుతుంది. కళ్ల ముందు బాణాల అడవి తయారవుతుంది.

3. ప్రొసీజర్‌ను తిరగరాయండి

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. అద్దం ఎంత ఖరీదైనదైనా, దాని మీద చెడ్డ వాక్యం చెడ్డ వాక్యమే. మామూలుగా మనం రాసేది ఇలా ఉంటుంది:

"ఫ్యాన్ ఆఫ్ చేసి ప్యానెల్‌కున్న ఆరు బోల్టులు విప్పి ఫిల్టర్ తీసి కొత్తది పెట్టాలి. బోల్టులు మరీ ఎక్కువ బిగించకూడదు. ఫిల్టర్ తీసేముందు కనెక్టర్ ఊడదీయడం మరచిపోవద్దు."

చివరి వాక్యం చదివేసరికి ఫిల్టర్ బయటికి వచ్చేసి ఉంటుంది, వైరు లాగినట్టయి ఉంటుంది. అంతరిక్ష ప్రొసీజర్లలో ఒక కట్టుబాటు ఉంది: మనిషికి ప్రమాదం ఉంటే వార్నింగ్, పరికరానికి ప్రమాదం ఉంటే కాషన్. రెండూ స్టెప్‌కు ముందే రావాలి. అదే పనిని కార్డులుగా విడగొడితే ఇలా ఉంటుంది:

కార్డు 1. ఫ్యాన్ స్విచ్: ఆఫ్. చూడాల్సింది: పచ్చ లైటు ఆరింది.

కార్డు 2. వార్నింగ్: రెక్కలు ఇంకా తిరుగుతుంటాయి. శబ్దం పూర్తిగా ఆగేదాకా ఆగండి.

కార్డు 3. కనెక్టర్ జే2: ఎడమకు తిప్పి ఊడదీయండి. కనెక్టర్ మూత పెట్టండి.

కార్డు 4. బోల్టులు 1 నుంచి 6: వదులు చేయండి. బోల్టులు ప్యానెల్‌లోనే ఉండిపోతాయి.

కార్డు 5. ప్యానెల్: తీసి ఎడమ వైపు వెల్క్రోకి అంటించండి.

కార్డు 6. పాత ఫిల్టర్: సంచిలో పెట్టి మూసేశాకే కొత్తది తీయండి.

కార్డు 7. కొత్త ఫిల్టర్: బాణం గుర్తు లోపలికి. ఫొటోతో పోల్చండి.

కార్డు 8. ప్యానెల్: తిరిగి పెట్టండి. ఆరు బోల్టులూ చేత్తో తగిలించండి.

కార్డు 9. బోల్టులు 1, 4, 2, 5, 3, 6 వరుసలో: 5 న్యూటన్ మీటర్లు.

కార్డు 10. కనెక్టర్ జే2: కనెక్టర్ మూత తీసి, కుడికి తిప్పి బిగించండి.

కార్డు 11. ఫ్యాన్ స్విచ్: ఆన్. చూడాల్సింది: పచ్చ లైటు వెలిగింది.

ప్రతి కార్డులో ముందు వస్తువు పేరు, తర్వాత చేయాల్సింది. పేరు చదవగానే కన్ను దాన్ని వెతకడం మొదలుపెడుతుంది. ఆ లోపు మిగతాది చదివేస్తారు. ఒక కార్డుకు ఒక పనే. నాలుగో కార్డులో బోల్టులు ప్యానెల్‌లోనే ఉండిపోతాయని ఎందుకు రాశామంటే, తేలిపోకుండా ఉండేందుకు అంతరిక్ష పరికరాల్లో చాలా చోట్ల బోల్టులు పూర్తిగా ఊడిరాని రకంవి వాడతారు. ఆ సంగతి తెలియనివాడు బోల్టు ఇంకా రావట్లేదని తిప్పుతూనే ఉంటాడు. మీ నమూనా పెట్టెలో కూడా అలాంటి బోల్టులే పెట్టండి. టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న) విలువ మీ బోల్టు సైజును బట్టి మీరే నిర్ణయించుకోండి, కానీ ఒకసారి రాశాక అదే ప్రమాణం.

చోటు పేర్ల సంగతి కూడా ఇక్కడే. ఐఎస్ఎస్‌లో ప్రతి రాక్‌కూ (పరికరాలు అమర్చే పెద్ద అరకూ) ఒక కోడ్ ఉంటుంది. ఎల్ఏబీ1పీ3 అంటే ల్యాబ్ మాడ్యూల్, పోర్ట్ (ఎడమ) వైపు, మూడో స్థానం. "పై రాక్", "కింది రాక్" అంటే అక్కడ ఎవరికీ ఒకేలా అర్థం కాదు, ఒకరికి పైన ఉన్నది తలకిందులుగా ఉన్నవారికి కింద. మీ పెట్టెకూ, దాని చుట్టూ ఉన్న భాగాలకూ ఇలాంటి కోడ్‌లు పెట్టి, స్టిక్కర్లు అంటించి, కార్డుల్లో అవే పేర్లు వాడండి. స్టిక్కర్ మీద ఒక పేరు, కార్డులో ఇంకో పేరు ఉంటే సిస్టమ్ మొత్తం మీద నమ్మకం పోతుంది.

4. ఏది మణికట్టుకు, ఏది కంటికి

ఇంతకాలం ఎవరు ఏం ప్రయత్నించారో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ఆగ్‌మెంటెడ్ రియాలిటీ అన్న మాట వాడుకలోకి వచ్చిందే ఇలాంటి పని కోసం. 1990ల మొదట్లో బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ విమానాల వైరింగ్ కార్మికులకు సూచనలు కళ్ల ముందు చూపించాలని ప్రయత్నించారు. 2009లో యూరప్ అంతరిక్ష సంస్థ ఈసా, "వేర్" అనే సిస్టమ్‌ను పంపింది. ఐఎస్ఎస్‌లోని యూరప్ ల్యాబ్ కొలంబస్ మాడ్యూల్‌లో వ్యోమగామి ఫ్రాంక్ డి విన్నె దాన్ని వాడారు. ఒక కంటి ముందు మాత్రమే డిస్‌ప్లే, గొంతుతో కమాండ్లు. 2015 సెప్టెంబరులో ఆండ్రియాస్ మోగెన్సెన్ మోబీపీవీ అనే దాన్ని పరీక్షించారు. అందులో ప్రొసీజర్ మణికట్టుకు కట్టిన ఫోన్ మీద, కెమెరా తల మీద.

తర్వాత నాసా, మైక్రోసాఫ్ట్ కలిసి చేసిన సైడ్‌కిక్. మొదటి హోలోలెన్స్‌లు 2015 జూన్ 28న పేలిపోయిన స్పేస్‌ఎక్స్ రాకెట్‌తో పాటే పోయాయి. డిసెంబరులో వేరే సరుకు నౌకలో మళ్లీ పంపారు. 2016 ఫిబ్రవరిలో స్కాట్ కెల్లీ వాటిని వాడారు. అందులో రెండు పద్ధతులు ఉండేవి: నేల మీది నిపుణుడు మీ చూపును చూస్తూ గీతలు గీసి చెప్పేది ఒకటి, ఎవరి సాయమూ లేకుండా ప్రొసీజర్ దానంతట అది నడిపించేది రెండోది.

వీటిలో మణికట్టు ఫోన్ పాతకాలపుదిగా కనిపించవచ్చు. నేను దాన్ని చాలా గౌరవిస్తాను. భారరహిత స్థితిలో శరీరం సడలితే చేతులు వాటంతట అవే ఛాతీ ముందుకు తేలి వస్తాయి. మణికట్టు ఎప్పుడూ చూపుకు దగ్గరలోనే ఉంటుంది. అక్షరాలు స్పష్టం, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, తల మీద బరువు ఉండదు. అందుకే నా సలహా: అంకెలు, వాక్యాలు, ఫొటోలు మణికట్టు మీద. "ఎక్కడ?" అన్న ప్రశ్నకు మాత్రమే కంటి ముందు అద్దం. రెండో మెట్టులో మీరు పెట్టిన గీతల్లో "ఎక్కడ" తక్కువగా ఉంటే, హెడ్‌సెట్ మానేసి మణికట్టు ఫోన్‌తో ఆపేయండి. అది కూడా పూర్తి ప్రాజెక్టే.

హెడ్‌సెట్ కావాల్సిందే అనుకుంటే, పవర్ పోతే ఎదురుగా ఉన్నది మామూలుగా కనిపించే రకం తీసుకోండి. కెమెరా ద్వారా బయటి ప్రపంచాన్ని చూపించే రకమైతే, ఆగిపోయిన క్షణం కళ్లకు గంతలు కట్టినట్టే. ఇంకో మాట: హోలోలెన్స్ 2 తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది. మీ కార్డులను ఒకే కంపెనీ ఫార్మాట్‌లో కాకుండా మామూలు టెక్స్ట్ ఫైలుగా, చోట్లను విడిగా కొలతలుగా దాచుకోండి. అద్దం మారినా మీ పని మిగలాలి.

5. కంటి ముందు ఏం ఉండకూడదు

చూపు మధ్యభాగం ఖాళీగా ఉండాలి. పని అక్కడే జరుగుతోంది. సూచన ఒక పక్కన, చూపు రేఖకు కాస్త కింద ఉండాలి.

కాంతిని కలిపి చూపించే పారదర్శక అద్దంలో నల్లరంగు చూపించలేం. నలుపు అంటే అక్కడ ఏమీ లేకపోవడమే. కాబట్టి తెల్ల పెట్టెలో నల్ల అక్షరాలు అనే అలవాటు వదిలేయండి. ఏ నేపథ్యం లేకుండా లావు తెల్ల అక్షరాలు, లేదా లేత పచ్చ. ఎరుపు వార్నింగ్‌కు మాత్రమే, అదీ ఒక గుర్తుతో పాటు ఉండాలి, రంగు మీదే ఆధారపడకూడదు. వెనకాల తెల్లటి ప్యానెల్, దాని మీద దీపం పడుతుంటే అక్షరాలు ఎంత వెలిసిపోతాయో పరీక్షించండి.

చాలా టీమ్‌లు పట్టించుకోని సమస్య దూరానిది. హోలోలెన్స్ లాంటివాటిలో బొమ్మ దాదాపు రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు కన్ను ఫోకస్ చేస్తుంది. రిపేరు చేసే చేతులు ఉండేది అర మీటరు దూరంలో. అక్షరాలు చూస్తే బోల్టు మసక, బోల్టు చూస్తే అక్షరాలు మసక. పైగా అక్షరాల పలకను రెండు మీటర్ల దూరంలో పెడితే అది గోడ లోపల, రాక్ అవతల ఉన్నట్టు కనిపిస్తుంది. కళ్లకు ఇది త్వరగా అలసట తెస్తుంది. దీనికి నాకు తెలిసిన మార్గం ఇది: దగ్గర్లో చూపించేవి లావుపాటి వలయాలు, బాణాలు మాత్రమే, ఎందుకంటే కాస్త మసకగా ఉన్నా అవి అర్థమవుతాయి. చదవాల్సింది ఏదైనా ఉంటే పక్కకి, ఖాళీ ఉన్న దిక్కున. అక్షరాల ఎత్తుకు ఒక చిన్న లెక్క పనికొస్తుంది: ఒక మీటరు దూరంలో ఒక డిగ్రీ అంటే సుమారు 17 మిల్లీమీటర్లు. ముందు అర డిగ్రీ ఎత్తు అక్షరాలతో మొదలుపెట్టి, చదవలేకపోతే పెంచండి. అంతరిక్షంలో చాలాకాలం ఉన్న కొందరికి దగ్గరి చూపు మారుతుందని మర్చిపోకండి.

6. బాణాన్ని సరిగ్గా నిలబెట్టండి

భూమి మీద హెడ్‌సెట్‌కు "కింద" అంటే ఏమిటో తెలుసు, లోపలి సెన్సర్ గురుత్వాకర్షణను పట్టుకుంటుంది. కక్ష్యలో స్టేషన్, మనిషి, సెన్సర్ అన్నీ కలిసి పడిపోతూనే ఉంటాయి కాబట్టి ఆ సెన్సర్‌కు దాదాపు సున్నానే కనిపిస్తుంది. దాని మీదే ఆధారపడిన సాఫ్ట్‌వేర్ బొమ్మలను ఎటో నెట్టేస్తుంది. అందుకే దిశను కెమెరా చూసే గుర్తుల నుంచే తీసుకోవాలి. మీ ప్యానెల్ మూలల్లో కనీసం మూడు ప్రింట్ చేసిన చతురస్రపు గుర్తులు అంటించండి. చేయి అడ్డొచ్చి ఒకటి కనపడకపోయినా మిగతావి ఉంటాయి. అక్షరాలు ప్యానెల్ లేబుల్ ఎటు ఉందో అటే ఉండాలి, నేల ఎటుందో అటు కాదు.

నేల మీద దీన్ని పరీక్షించడం తేలికే. బోర్డును పక్కకి పడుకోబెట్టండి, తర్వాత తలకిందులు చేయండి. బాణాలు బోర్డుతో పాటే తిరిగితే మీరు గెలిచారు.

ఇప్పుడు గుర్తుంచుకోవాల్సిన కొలత. స్కేలు పెట్టి, బాణం కొన అసలు బోల్టుకు ఎంత దూరంలో ఉందో పది చోట్ల నుంచి చూసి కొలవండి. వాటిలో అతి పెద్ద తేడా తీసుకోండి. బోల్టుల మధ్య దూరం 3 సెంటీమీటర్లు, మీ తేడా 2 సెంటీమీటర్లు అయితే, బాణం పక్క బోల్టును చూపించే అవకాశం ఉంది. అప్పుడు బాణం తీసేయండి. బోల్టులన్నిటి చుట్టూ ఒకే వలయం గీసి, ఏ బోల్టో స్టిక్కర్ అంకెతో చెప్పండి. తేడా బోల్టుల దూరంలో సగం కంటే తక్కువ అయ్యేదాకా ఒక్కో బోల్టుకు బాణం పెట్టవద్దు. తప్పు చోటు చూపించే బాణం కంటే బాణం లేకపోవడం వెయ్యి రెట్లు మేలు, ఎందుకంటే మనిషి లేబుల్ చదవడం మానేసి బాణాన్ని నమ్ముతాడు.

7. చేతులు ఖాళీ లేనప్పుడు కార్డు మార్చడం

గొంతుతో అయితే బాగుంటుందనిపిస్తుంది. ఇప్పుడు ఆ ఫ్యాన్ ఆన్ చేసి చూడండి. అంతరిక్ష కేంద్రంలో ఫ్యాన్లు, పంపులు ఆగకుండా తిరుగుతుంటాయి. అవి ఆగితే గాలి కదలదు, వదిలిన ఊపిరి ముఖం చుట్టూనే ఉండిపోతుంది. ఆ రొదలో గొంతు గుర్తించడం కష్టం. పైగా వ్యోమగామి అదే సమయంలో కంట్రోల్ రూమ్‌తో మాట్లాడుతుంటారు. "నెక్స్ట్" అన్న మాట మామూలు సంభాషణలో ఎన్నిసార్లు వస్తుందో ఊహించండి. అందుకని కమాండ్లు నాలుగైదుకు మించకూడదు, ఒకదానికొకటి శబ్దంలో దగ్గరగా ఉండకూడదు, ముందు ఒక పిలుపు మాట ఉండాలి. గొంతుతో పాటు మణికట్టు మీదో, బెల్టు మీదో ఒక నిజమైన బటన్ పెట్టండి. గ్లవ్ వేసుకున్నా తెలిసేలా నొక్కుడు ఉండాలి.

గాలిలో చేయి ఊపి కమాండ్ ఇచ్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు, రెంచి పట్టుకున్న చేయి ఎలాగూ ఊగుతూనే ఉంటుంది. కెమెరా చూసి పని అయిపోయిందని తనే నిర్ణయించి కార్డు మార్చేసే సిస్టమ్ కూడా వద్దు. మనిషి చెప్పాకే కార్డు మారాలి. వెనక్కి వెళ్లడం ముందుకు వెళ్లడమంత సులువుగా ఉండాలి.

8. నేల మీది నిపుణుడు

2021 జులైలో మేగన్ మెక్‌ఆర్థర్ కోల్డ్ ఆటమ్ ల్యాబ్ అనే పరికరంలో ఒక భాగం మారుస్తూ హోలోలెన్స్ పెట్టుకున్నారు. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ బృందం ఆమె ఏం చూస్తున్నారో అదే చూస్తూ, ఫలానా వైరు అని ఆమె చూపులోనే గుర్తు పెట్టి చెప్పగలిగింది. భుజం వెనక కెమెరా పెట్టి "ఇంకొంచెం ఎడమకి" అని చెప్పడంతో పోలిస్తే ఇది ఎంత హాయో వైరు కట్టలు చూసినవాళ్లకు తెలుస్తుంది.

మీరు దీన్ని రెండో దశలో చేర్చండి, మొదటి దశలో కాదు. ఐఎస్ఎస్‌కు కూడా అప్పుడప్పుడు సిగ్నల్ పోతుంది. చంద్రుడి దగ్గర మాట ఒక వైపు వెళ్లడానికి 1.3 సెకన్లు పడుతుంది, అది భరించవచ్చు. అంగారకుడికి అయితే గ్రహాల దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు, అదీ ఒక వైపే. ప్రశ్న అడిగి జవాబు వచ్చేసరికి ముప్పావు గంట కావచ్చు. కార్డులు, ఫొటోలు, గుర్తులు అన్నీ పరికరంలోనే ఉండి, వైఫై తీసేసినా పని మొదటి నుంచి చివరిదాకా నడవాలి. ఆ తర్వాతే వీడియో కాల్. నిపుణుడు కదిలే వీడియో మీద కాకుండా ఆపిన ఫొటో మీద గీతలు గీసేలా చేయండి. తల కదిలినా, సిగ్నల్ ఆలస్యమైనా గీత సరైన చోటే ఉంటుంది.

9. భద్రత, స్పేస్‌సూట్ సంగతి

నిజంగా పైకి పంపే పరికరమైతే బ్యాటరీ, పగిలితే ముక్కలు తేలే గాజు, ప్లాస్టిక్ నుంచి వచ్చే వాయువులు, వేలాడే వైర్లు ఇవన్నీ విడివిడిగా పరీక్షలు దాటాలి. మీ స్థాయిలో చేయాల్సింది రెండే: వైరు వేలాడకూడదు, ప్రొసీజర్ కాగితం ఎప్పుడూ పక్కన ఉండాలి.

స్పేస్‌వాక్‌కు వాడేది చేద్దామని ఉత్సాహం వస్తుంది. మొదటి ప్రాజెక్టుగా దాని జోలికి వెళ్లకండి. అమెరికా సూట్ లోపల 4.3 పీఎస్ఐ ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉంటుంది. అందులో వేడెక్కే ఎలక్ట్రానిక్స్ అంటే నిప్పు భయం. ఇప్పటికీ మణికట్టు మీద చిన్న చెక్‌లిస్టు పుస్తకమే వాడతారు. ఛాతీ మీది కంట్రోళ్లను వంగి చూడలేరు కాబట్టి, వాటి లేబుళ్లను అద్దంలో చదవగలిగేలా తిరగేసి రాస్తారు, స్లీవ్ మీది చిన్న అద్దంలో చదువుకుంటారు. హెల్మెట్‌లో నీటి సమస్య కూడా ఉంది. 2022 మార్చి 23న హైదరాబాద్ మూలాలున్న రాజా చారి, మథియాస్ మౌరర్ కలిసి స్పేస్‌వాక్ చేసి లోపలికి వచ్చాక, మౌరర్ హెల్మెట్‌లో నీళ్లు కనిపించాయి. అలాంటి చోట కంటి ముందు ఇంకో వస్తువు పెట్టాలంటే ఎంతో జాగ్రత్త కావాలి. ఈ దిశగా ఆసక్తి ఉండి అమెరికాలో చదువుతున్నవాళ్లకు నాసా నిర్వహించే సూట్స్ పోటీ ఉంది. సూట్ డిస్‌ప్లేల మీద విద్యార్థులే పనిచేస్తారు.

10. పరీక్షించండి

కొత్తవాళ్లను పిలవండి. సగం మంది ముందు కాగితంతో, తర్వాత హెడ్‌సెట్‌తో చేయాలి. మిగతా సగం దానికి తిరగేసి. లేకపోతే రెండోసారి ఎలాగూ అలవాటైపోయి బాగా చేస్తారు, ఆ ఘనత మీ హెడ్‌సెట్ ఖాతాలో పడుతుంది. సమయం ఒక్కటే కొలవకండి. వరుస తప్పిన స్టెప్పులు, తప్పు బోల్టు పట్టుకోవడాలు, తల తిప్పడాలు, చివర్లో పని ఎంత భారంగా అనిపించిందో అడిగే నాసా టీఎల్ఎక్స్ ప్రశ్నావళి, ఇవన్నీ రాసుకోండి. హెడ్‌సెట్‌తో సమయం ఎక్కువ పట్టినా తప్పులు తగ్గితే అది మంచి ఫలితమే.

మధ్యలో అంతరాయం తప్పనిసరిగా పెట్టండి. ఎనిమిదో కార్డు దగ్గర ఫైర్ అలారం మోగించి, ఆ మనిషిని గదిలోంచి బయటికి పంపి, పది నిమిషాల తర్వాత రమ్మనండి. అంతరిక్ష కేంద్రంలో పని ఆపి వేరేదానికి వెళ్లడం మామూలు. తిరిగి వచ్చాక ఏ బోల్టు దాకా వచ్చాడో సిస్టమ్ చెప్పగలగాలి. కార్డు నంబరు గుర్తుంచుకుంటే సరిపోదు, ఆ కార్డులో మూడో బోల్టా, నాలుగో బోల్టా అన్నది కూడా కావాలి. మా అనుభవంలో టీమ్‌లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

భారరహిత స్థితి నేల మీద దొరకదు. విల్లులా పైకి లేచి కిందికి దిగే పారాబొలిక్ విమానాల్లో ఒక్కో విడతకు ఇరవై సెకన్లకు కాస్త పైన మాత్రమే వస్తుంది, ఫ్లోరిడా తీరంలో నీటి అడుగున ఉన్న అక్వేరియస్ కేంద్రంలో, నాసా వారి నీమో శిక్షణలో సైడ్‌కిక్‌ను వాడి చూశారు. మనకు అవేవీ అందవు. కాబట్టి బోర్డును గోడకు బిగించి, మనిషిని పక్కకి పడుకోబెట్టి చేయించండి. వదిలిన ప్రతి వస్తువుకూ ఒక దారం కట్టి పైకి లాగేలా పెట్టండి. వెల్క్రోకి అంటించకపోతే అది వెంటనే చేతికి అందకుండా పోవాలి. ఆ చిన్న ఇబ్బందికే చేతులు ఎంత తీరిక లేకుండా పోతాయో వీడియోలో కనిపిస్తుంది.

ప్రతి విడత తర్వాత కార్డులకు కొత్త సవరణ నంబరు వేయండి. ఏ కార్డు దగ్గర ఇద్దరికి మించి ఆగిపోయారో దాన్ని తిరగరాయండి. అద్దంలో బొమ్మ మార్చే ముందు వాక్యం మార్చి చూడండి. మార్చాక మళ్లీ పరీక్షకు మొదటిసారి వచ్చేవాళ్లనే తీసుకోండి. పాతవాళ్లకు పెట్టె అలవాటైపోయింది కాబట్టి వాళ్ల సమయాలు ఇక లెక్కలోకి రావు.